నేను చూడని తిమింగలం

నేను చెబుతున్నాను, మా కోడలు కంప్యూటర్లో కొడుతోంది. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద అంకె పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తే చదివేవాళ్ళు అవస్థ పడతారని కోడలు నా మాటలకు తల దువ్వి, మొహం కడిగి కూర్చోబెడుతోంది. చేసుకోనీ. సంగతి మాత్రం మార్చొద్దన్నాను. అబద్ధం ఆడింది నేనేనన్న ముక్క ఎక్కడా పోకూడదు.

కరోనా వచ్చిన ఏడాది, విమానాలు ఆగిపోవడానికి మూడు వారాల ముందు, నేను జర్మనీలోని బ్రెమెన్‌లో మా అబ్బాయి ఇంట్లో దిగాను. మూడు నెలలుండి పోదామని వచ్చినదాన్ని. మూడు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. వీసా పొడిగించుకోవాలంటే టెర్మిన్ కావాలి, అంటే ఫలానా రోజున రమ్మని వాళ్ళిచ్చే టైము. ఆఫీసు మూసేశారు కాబట్టి టెర్మిన్ కోసం ఈమెయిల్ పెట్టాలి. దానికి జవాబుగా ఇంకో ఈమెయిల్ వస్తుంది, మీ ఈమెయిల్ అందింది అని. అందితే అందింది, పని చెయ్యండ్రా! మా పంచాయితీ గుమాస్తా కూడా నన్ను ఇంత మర్యాదగా తిప్పలేదు.

ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, ఒక హాలు. ఒక గదిలో మా అబ్బాయి రాకెట్ల కంపెనీ పని, వంటింటి బల్ల దగ్గర కోడలి సాఫ్ట్‌వేర్ పని, హాల్లో మనవరాలి బడి. నేను పోపు వేస్తే ఒకరు "ష్", తుమ్మితే ఇంకొకరు "ష్". ముప్పై ఐదేళ్ళు నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధినా చేపలు అమ్మిన గొంతు నాది. పగిలిన డప్పులా ఉంటుంది గాని, వీధి మొదట్లో అరిస్తే చివరింటి ఆవిడ గిన్నె పట్టుకుని బయటికి వచ్చేది. అలాంటి గొంతుతో గుసగుసలాడమంటే ఎలా? కింది అంతస్తు ముసలావిడ రెండుసార్లు మా తలుపు మీద కాగితం అంటించి పోయింది. కోడలు చదివి చెప్పలేదు. చెప్పకపోయినా అందులో నేనే ఉన్నానని నాకు తెలుసు.

ఇంట్లో నాకు తెలిసిన పని ఒక్కటీ లేకపోయింది. చెత్త వేయడానికి నాలుగు డబ్బాలు. ఏది ఎందులో వేసినా తప్పు డబ్బాలోనే వేసేదాన్ని. బట్టల మిషన్‌కు ఇరవై మీటలు. నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆ ఇంట్లో మనవరాలు ఒక్కతే. ఏడేళ్ళ గుంట. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం. దాని నోట్లో తెలుగు సగం, జర్మన్ సగం, రెండింటికీ మధ్య చాక్లెట్టు.

దానికి తిమింగలాల పిచ్చి. లైబ్రరీ మూతపడే ముందు తెచ్చుకున్న బొమ్మల పుస్తకం ఒకటి, తిరిగి పుచ్చుకునే నాథుడు లేక, నెలల తరబడి మా ఇంట్లోనే ఉండిపోయింది. అన్నం పెడుతుంటే తిమింగలం, జడ వేస్తుంటే తిమింగలం. అది చేప కాదట. చేపలమ్ముకుని బతికినదాన్ని, నాకే చెబుతుంది! మనలాగే గాలి పీల్చుకుంటుందట, ఆ ముక్కు నడినెత్తిన ఉంటుందట. బిడ్డను కని పాలిస్తుందట. ఆదమరిచి నిద్రపోతే ఊపిరి అందదు కాబట్టి సగం బుర్రతో పడుకుని, సగం బుర్రతో మెలకువగా ఉంటుందట.

"అయితే దానికి చంటిపిల్లుందన్నమాట" అన్నాను. గుంట నవ్వలేదు. తిమింగలాల విషయంలో దానికి నవ్వు రాదు.

ఒకరోజు అడిగింది. "నానమ్మా, నువ్వు సముద్రం పక్కనే కదా ఉన్నావు? వాల్ చూశావా?" వాల్ అంటే వాళ్ళ మాటలో తిమింగలం.

లేదంటే సరిపోయేది. కానీ ఆ పొద్దున నేను పదిసార్లు "ష్" తిని ఉన్నాను. కొత్త నాన్‌స్టిక్ పెనం పీచుతో తోమి కోడలి చేత మాట కూడా పడ్డాను. ఈ గుంట ఒక్కతే కళ్ళు పెద్దవి చేసుకుని నా మొహంలోకి చూస్తోంది.

"సూడకేటి!" అన్నాను. "మీ తాత పడవలో నానూ ఎల్లీదాన్ని. మనిల్లంత తిమింగలం. మా పక్కనే లేసింది. దాని కన్ను నా కంట్లోకి సూసింది."

"ఎఖ్ట్?" అంది. నిజంగానా అని.

"నిజం కాక!"

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మా పల్లెలో ఆడది పడవ ఎక్కదు. పడవంటే గంగమ్మ తల్లి గడప. మగవాళ్ళు కూడా చెప్పులు ఒడ్డున విడిచే ఎక్కుతారు. మేము చిరిగిన వల పట్టుకోవచ్చు, పడవ ఒడ్డుకు తగిలితే చేపలు దింపుకోవచ్చు, బేరాలాడొచ్చు, తిట్టుకోవచ్చు. లోపల కాలు మాత్రం పెట్టకూడదు. ఆడది ఎక్కిన పడవకు చేప పడదంటారు. నలభై ఏళ్ళు ఆ ఇసుకలో నిలబడ్డాను, నీళ్ళు నా మోకాలు దాటి ఎరగవు.

తిమింగలాన్ని చూసింది మా ఆయన. పెళ్ళైన కొత్తలో ఆ కథ పదిసార్లు చెప్పాడు. పడవ పక్కన నీళ్ళు ఉబ్బాయట, నల్లటి కొండ లేచిందట, అది వదిలిన ఊపిరి కుళ్ళిన నెత్తళ్ళ చేపల కంపు కొట్టిందట. ఆ కథలో మూల కాస్త చోటు కనిపిస్తే నన్ను నేను కూర్చోబెట్టుకున్నాను, అంతే.

అంతే అనుకున్నాను. అబద్ధానికి ఆకలెక్కువని మరిచిపోయాను. మర్నాటి నుంచి దానికి మేత వేయడమే నా పని. దానికి పళ్ళున్నాయా, జల్లెడ లాంటి మూతి ఉందా? ఊపిరి నిటారుగా వదిలిందా, వాలుగా వదిలిందా? నీకు పడవలో వాంతి వచ్చేదా? "రాదు, సముద్రమోళ్ళకి వాంతులేటి" అన్నాను. గుంట బొమ్మ వేసింది. పడవ, పడవలో మీసాల తాత, పక్కన నారింజ రంగు చీరలో నేను, మా ఇద్దరినీ చూసి నవ్వుతున్న తిమింగలం. ఆ బొమ్మను కంప్యూటర్లో బడికి చూపించింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. బళ్ళు తెరిచాక దాన్ని పట్టుకెళ్ళి తరగతి గోడకు అంటించారు. నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టని బళ్ళో నా అబద్ధం గోడెక్కి కూర్చుంది.

బ్రెమెన్‌కు రైల్లో రెండు గంటల దూరంలో ఒక రేవుంది. అక్కడి సముద్రంలో చిన్న జాతి తిమింగలాలు తిరుగుతాయి, పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు. గుంట పుట్టినరోజుకని మా అబ్బాయి టికెట్లు కొన్నాడు, లాక్‌డౌన్ వచ్చింది. ఈస్టర్ సెలవులకని మళ్ళీ కొన్నాడు, మళ్ళీ లాక్‌డౌన్. ఆ గుంట రెండుసార్లు సంచి సర్దుకుంది, రెండుసార్లు విప్పుకుంది. కరోనా రెండో వేసవిలో పడవలు తిరిగాయి గాని, సగం మందినే ఎక్కిస్తామన్నారు. మాకు రెండే సీట్లు దొరికాయి.

"నేను తీసుకెళ్తాలే" అన్నాడు మా అబ్బాయి.

"నైన్!" అంది గుంట, కాదని. "నానమ్మ రావాలి. నానమ్మకి సముద్రం తెలుసు. నీకు రాకెట్ తెలుసు."

వాడు నా వంక చూశాడు. నేను కూర తరుగుతున్నట్టు తలొంచుకున్నాను, కూర అప్పటికే తరగడం అయిపోయినా.

"నానమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా" అన్నాడు.

"పడవలో నడవరు, కూర్చుంటారు" అంది.

అలా నన్ను పడవెక్కించడం నిర్ణయమైపోయింది. నాకు నీళ్ళంటే భయం లేదు. ఆ ఇంట్లో నా మాట నమ్మే మనిషి ఒక్కతే ఉంది. అదీ నాది కాకుండా పోతే నేను వంటింట్లో ఐదో చెత్తడబ్బానే.

ముందు రోజు ముక్కులో పుల్ల పెట్టించుకున్నాం. ఆ పుల్ల పెట్టే పిల్ల నా మెదడు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మర్నాడు రైల్లో కిటికీలన్నీ తెరిచి చలిగాలిలో రెండు గంటలు కూర్చోబెట్టారు, గాలి ఆడాలట. జూన్ నెలలో స్వెట్టరు, దాని మీద కోటు, మొహానికి కొంగమూతి లాంటి మాస్కు. మా అబ్బాయి రేవు దాకా వచ్చాడు, మేము తిరిగి వచ్చేవరకూ గట్టు మీద ఉంటానన్నాడు. గుంట ముందు పరుగెత్తగానే నా చెవి దగ్గర గొణిగాడు.

"అమ్మా, ఇప్పుడైనా సెప్పెయ్. పడవెక్కినాక తెలిస్తే బాగోదు."

"ఏటి సెప్పాలి?"

"నువ్వెప్పుడూ ఎక్కనేదని."

"నలభై ఏళ్ళు ఎదురుగా సూసినాను. ఎక్కడం ఎంతసేపురా?"

"నాన్నుంటే పడీ పడీ నవ్వీవోడు."

"మీ నాన్నుంటే నాకీ కర్మేటి? ఆయన్నే పంపీదాన్ని."

వాడు గట్టు మీద నిలబడ్డాడు. మేము పడవ వైపు నడిచాం. మగాడు ఒడ్డున, ఆడవాళ్ళు పడవలో. నా మొహం ఎలా ఉందో గాని మాస్కు ఉంది కాబట్టి బతికిపోయాను.

పడవలోకి వేసిన బల్ల ముందు నా చేతులు నన్నడగకుండా వంగి బూట్లు విప్పేశాయి. కోడలు కొనిచ్చిన బూట్లు, రెండూ చేత్తో పట్టుకుని మేజోళ్ళతో నిలబడ్డాను. అక్కడ పచ్చ కోటు వేసుకున్న ఒకావిడ, నా ఈడుదే, టికెట్లు చూస్తోంది. నా కాళ్ళు చూసి ఏదో అంది.

"నానమ్మా, షూస్ వేసుకోవాలట. జారతావట" అంది గుంట.

"సెప్పులతో పడవెక్కకూడదని సెప్పు."

చెప్పింది. ఆవిడ ఇంకేదో అంది.

"వేసుకోకపోతే ఇన్సూరెన్స్ రాదట."

"గంగమ్మకి ఇన్సూరెన్సేటే!"

"నానమ్మా, బిట్టె!" అంది గుంట, బతిమాలుతూ. "వెనకాల అందరూ చూస్తున్నారు. నువ్వు తాత పడవ కూడా ఇలాగే ఎక్కావా?"

"ఇలాగే" అన్నాను. వెనక మీటరున్నర ఎడంలో ఒకరి తరవాత ఒకరు, వరస గట్టు చివరిదాకా ఉంది. బల్ల మీద కూలబడి బూట్లు తొడుక్కున్నాను. పడవ అంచును ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాను. ఇంతమంది బూట్లతో తొక్కే పడవ దగ్గరికి ఏ జీవి వస్తుందిలే అనుకున్నాను.

ఆ పచ్చకోటు ఆవిడ తాళ్ళు విప్పి, చుట్ట చుట్టి పడేసి, గదిలోకి వెళ్ళి చక్రం పట్టుకుంది.

"నడిపేది ఈవిడేటి?"

"యా. కాప్టెన్."

ఆడది ఎక్కితే చేప పడదని నలభై ఏళ్ళు నన్ను ఇసుకలో అరికాళ్ళు మాడ్చుకోమన్నారు. ఇక్కడ ఈవిడ ఏకంగా చక్రం తిప్పుతోంది, సముద్రం ఎండిపోలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మా ఆయన మీద పడదామంటే ఆయన లేడు, గంగమ్మ మీద పడదామంటే ఆవిడ మీదే కూర్చుని ఉన్నాను.

మైకు పట్టుకున్న సన్నటి మనిషి ఒకడు లేచి చెప్పడం మొదలెట్టాడు, గుంట నాకు ముక్కలు ముక్కలుగా తెలుగు చేసింది. ఇక్కడి తిమింగలం మనిషంత పొడవే, వాళ్ళు దాన్ని పంది తిమింగలం అంటారు. ఎగిరి దూకదు, ఆటలాడదు, వీపు చూపించి మునిగిపోతుంది. చిన్న ఒళ్ళు, చల్లటి నీళ్ళు కాబట్టి ఎప్పుడూ తింటూనే ఉండాలి. ఏటేటా ఒక బిడ్డ. ఒకదానికి పాలిస్తూనే ఇంకొకదాన్ని కడుపులో మోస్తుంది. వలలో చిక్కుకుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతుంది.

వల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటిదే ఒకటి మా ఆయన వలలోకి వచ్చింది, చచ్చి. దాన్ని ఒడ్డుకు తేలేదు, అమ్మలేదు. నీళ్ళలోనే వదిలేసి, మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"ఇంజిన్ ఆపాక మాట్లాడకూడదు" అంది గుంట. "ముందు వినపడుతుంది, తరవాత కనపడుతుంది." అని, నా మోచెయ్యి పట్టుకుంది. "నానమ్మా, ఇప్పుడు చెప్పు. ఎక్కడ?"

ఎక్కడని చెప్పను? ఒడ్డున మేమేం చేసేవాళ్ళమో అదే చేశాను. పిట్టలు ఎక్కడ ముసురుతున్నాయో చూశాను. పిట్టలున్న చోట చేపలు, చేపలున్న చోట అది. "అదిగో, ఆ పిట్టల కింద" అన్నాను. గుంట పరుగున వెళ్ళి మైకు మనిషికి చెప్పింది. అతను కాప్టెన్‌కు చెప్పాడు. పడవ తిరిగింది! నా మాట మీద, ఇంతమంది ఉన్న పడవ! చెయ్యంత కెమెరా గొట్టం పట్టుకున్న ఒక పెద్దమనిషి నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇండియా నుంచి వచ్చిన చేపలావిడ, ఈమెకు తెలుసని గుంట అందరికీ చెప్పేసింది.

వెళ్ళి చూస్తే అక్కడొక రొయ్యల పడవ. పనికిరాని చేపల్ని నీళ్ళలోకి విసిరేస్తున్నారు, పిట్టలు వాటి కోసం కొట్టుకుంటున్నాయి.

"ఇది కాదు" అన్నాను. "ఆ పక్కన. నల్లగా తేలతంది, సూడు."

మళ్ళీ తిరిగింది పడవ. ఆ నల్లటిది తలెత్తి, మీసాలు ఆడించి, మమ్మల్ని చూసి విసుక్కుని మునిగిపోయింది. సీల్ అట. కెమెరాలు టకటకలాడాయి. గుంట ఫోటో తీయలేదు.

"నానమ్మా, నువ్వు వాల్ చూశావు కదా? సీల్‌కి మీసాలుంటాయి. నీకు తెలీదా?"

"దూరం గదే, కళ్ళజోడు మసకైపోనాది" అన్నాను. అది నిజమే, మాస్కులోంచి ఆవిరి కొడుతోంది. కానీ నిజం చెప్పినా అబద్ధంలా వినిపించే చోటికి వచ్చేశాను.

అప్పుడు మొదలైంది కడుపులో. పడవ ఆగినప్పుడు ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగదు, అన్ని వైపులా ఊగుతుంది. పొద్దున తిన్న రెండిడ్లీలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి. మాస్కు లాగేలోపే పచ్చకోటు ఆవిడ ఎక్కడి నుంచో ఒక కాగితపు సంచి నా మూతి కింద పెట్టింది. ఆవిడ ముందు నుంచే కనిపెట్టుకుని ఉంది కాబోలు. పడవంతా మర్యాదగా అటు తిరిగింది.

గుంట తిరగలేదు. చూస్తూనే ఉంది.

"సముద్రమోళ్ళకి వాంతి రాదు అన్నావు."

నేను మూతి తుడుచుకున్నాను.

"నానమ్మా, నువ్వు తాత పడవ ఎక్కావా?"

ఇంకో అబద్ధానికి ఓపిక లేదు నాకు. ఒంట్లో ఓపిక ఉండి ఉంటే ఆడేదాన్నేమో, అది కూడా రాయమన్నాను కోడల్ని.

"నేదు" అన్నాను. "ఎప్పుడూ ఎక్కనేదు. ఇదే మొదలు. తిమింగలాన్ని సూసింది మీ తాత. నాను ఒడ్డున నిలబడీదాన్ని."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నేను టీచర్‌కి చెప్పాను. అందరికీ చెప్పాను. లూగె!" అంది. అబద్ధం అని. ఆ మాట నాకు అప్పటికి తెలియదు గాని, ఆ మొహం మీద చదువు రానివాళ్ళు కూడా చదువుకోవచ్చు. లేచి బెంచీ ఆ చివరికి పోయి కూర్చుంది. నేను దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆబ్‌ష్టాంట్" అంది. "ఒకటిన్నర మీటర్."

ఎడం ఎడం అని ఏడాది పైనుంచి ఈ ఊరంతా నాకు చెబుతోంది. కొట్లో చెప్పారు, ట్రాములో చెప్పారు, మెట్ల మీద కింది ముసలావిడ చెప్పింది. ఎవరు చెప్పినా విసుక్కున్నాను. నా ఒళ్ళో కూర్చుని ముద్దలు తిన్న గుంట చెబితే మాత్రం, కొలిచినట్టు ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి కూర్చున్నాను.

వెళ్ళిపోయే ముందు ఆఖరుసారి అని ఇంజిన్ ఆపారు. అందరూ నోళ్ళు కట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. నాకు చూడాలని లేదు, చూస్తే కడుపు తిరుగుతోంది. కళ్ళు మూసుకుని కటకటాలకు తల ఆనించాను. అలలు చెక్కకు తగిలే చప్పుడు. ఎవరిదో కోటు జిప్పు. ఆ తరవాత అది.

ఫ్ఫూ.

మా ఆయన ఆఖరి మూడేళ్ళు ఆయాసంతో మంచం పట్టాడు. నేను గుమ్మంలో అటు తిరిగి చేపలు శుభ్రం చేసుకుంటూనే, ఆయన ఊపిరి ఏ మెట్టు మీద ఉందో చెప్పగలిగేదాన్ని. బిగబట్టి, బిగబట్టి, ఒక్కసారి వదిలేవాడు. ఆ వదిలిన చప్పుడు విన్నాక మళ్ళీ కత్తిపీట మీదికి వంగేదాన్ని. ఈ చప్పుడు అదే. ఒంట్లో ఉన్నదంతా ఒక్కసారి వదిలి, మళ్ళీ తీసుకుని, లోపలికి పోవడం. పడవలో ఎవరూ కదల్లేదు. విన్నది నేనొక్కదాన్నే.

నా గొంతులోకి అరుపు వచ్చేసింది. వీధి చివరిదాకా వెళ్ళే అరుపు. పళ్ళు బిగించి దాన్ని మింగాను. నా జన్మలో నేను మింగిన మొదటి అరుపు అది. చెయ్యి ఎత్తి, చప్పుడు వచ్చిన వైపు వేలు పెట్టాను.

గుంట చూసింది. మూడో అబద్ధం అనుకుంది కాబోలు, మొహం తిప్పేసుకుంది.

నేను వేలు దించలేదు.

ఫ్ఫూ. ఈసారి దానికీ వినిపించింది. వెంటనే ఇంకొకటి, చిన్నది, పిల్లలు తుమ్మినట్టు. వేలికి ఎదురుగా నల్లటి వీపు లేచింది, మీద బుల్లి ముక్కోణపు రెక్క, బండి చక్రం నీళ్ళలో సగం తిరిగినట్టు తిరిగి మునిగింది. దాని పక్కనే అరచెయ్యంత ఇంకో రెక్క. తల్లీ బిడ్డా. మూడుసార్లు లేచాయి, నాలుగోసారి లేవలేదు.

ఇంతేనా! రెండు లాక్‌డౌన్లు, ముక్కులో పుల్ల, రెండు గంటల చలిగాలి, రెండిడ్లీలు, ఇవన్నీ గేదె దూడంత వీపు కోసమా! గొట్టం కెమెరా పెద్దమనిషి వేరే వైపు గురిపెట్టి కూర్చుని ఏదీ తీయలేకపోయాడు, తల పట్టుకున్నాడు. అతని మీద నాకు జాలేసింది.

అప్పుడు చూసుకున్నాను, గుంట నా పక్కన ఉంది. నా కోటు పట్టుకుని వేలాడుతోంది. ఒకటిన్నర మీటరు ఎప్పుడు దాటిందో దానికీ తెలియదు.

మైకు మనిషి ఏదో అడిగాడు. గుంట నిలబడి పెద్ద జవాబు చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు, కొందరు నవ్వారు, పచ్చకోటు ఆవిడ గదిలోంచి తొంగి చూసి తలాడించింది.

"ఏటి సెప్పావే?"

"నిజం చెప్పాను. నానమ్మ ఫస్ట్ టైమ్ పడవ ఎక్కింది, రెండుసార్లు రాంగ్ చెప్పింది, వాంతి చేసుకుంది. కానీ చెవులు మంచివి అని."

"వాంతి కూడా సెప్పాలేటి?"

"అది కూడా నిజమే కదా."

తిరుగు దారిలో అది నాతో మాట్లాడింది గాని, పూర్తిగా కాదు. అడిగినదానికి జవాబు, అంతే. రేవు గట్టు కనిపించగానే మాత్రం లేచింది. "నానమ్మా, నాన్న ఎక్కడ?"

నేను చూశాను. గట్టు మీద గింజల్లాగా మనుషులు. ఏది మనిషో, ఏది స్తంభమో తెలియడం లేదు. మొన్న మొన్నటిదాకా నా కళ్ళు బాగానే ఉన్నాయే అనుకుని, "నీకు కనపడతన్నాడేటి?" అన్నాను. "నైన్" అంది ఎనిమిదేళ్ళ కళ్ళతో. చివరికి నీలం చొక్కాలా ఉన్నదాన్ని చూసి ఇద్దరం చేతులు ఊపాం, ఊపాం. దగ్గరికి వస్తే అది నీలం రంగు వేసిన ఇనప స్తంభం. మా అబ్బాయి దానికి చాలా ఇవతల కాఫీ తాగుతున్నాడు.

అక్కడ, ఆ స్తంభాన్ని చూస్తూ, నాకొక సంగతి తట్టింది. మా ఆయన వేటనుంచి వచ్చిన ప్రతిసారీ అనేవాడు. "అలలు దాటకముందే నువ్వు కనపడిపోతావే. నారింజ సీర. నవ్వుతున్నావో సిరాకులో ఉన్నావో కూడా తెలిసిపోద్ది." ఆ మాట నమ్మి నలభై ఏళ్ళు ఎండలో ముందు వరసలో నిలబడ్డాను. ఆ చీర వెలిసిపోతే అదే రంగు మళ్ళీ కొన్నాను. కోపంగా ఉన్న రోజున కూడా మొహం సవరించుకుని నిలబడ్డాను, దూరం నుంచి చూసి బాధపడతాడని! ఎక్కడ కనిపిస్తుంది? నా మొహం కాదు, నా చీర కాదు, నేనే కనిపించి ఉండను.

"దొంగసచ్చినోడు" అన్నాను పైకే.

"ఎవరు?"

చెప్పాను.

"తాత కూడా లూగె చెప్పాడా?"

"సెప్పేడే. నలభై ఏళ్ళు సెప్పేడు."

"నీకు కోపం వచ్చిందా?"

"వొచ్చింది."

"ఎంత?"

"ఒకటిన్నర మీటరు" అన్నాను.

మాస్కు వెనక దాని బుగ్గలు కదిలాయి. నవ్వింది. నవ్వి, వెంటనే సర్దుకుని శిక్ష చెప్పింది. టీచర్‌కి నేనే చెప్పాలట. జర్మన్‌లో చెప్పాలట.

నాలుగు రోజులు నేర్పింది ఒక్క ముక్క. ఇష్ ష్టాంట్ అమ్ ఊఫర్. నేను ఒడ్డున నిలబడ్డాను అని. కూర కలుపుతూ ఇష్ ష్టాంట్, బట్టలు మడతపెడుతూ అమ్ ఊఫర్. "ష్" అనే వాళ్ళింట్లో "ష్" తో మొదలయ్యే మాటే నాకు రావడం లేదని కోడలు నవ్వింది. సోమవారం గుంట నన్ను బడి గేటు దగ్గర నిలబెట్టి, టీచరమ్మను పిలుచుకొచ్చింది. నేను చెప్పాను, కాస్త గట్టిగానే చెప్పినట్టున్నాను, సైకిల్ మీద పోతున్న ఇద్దరు ఆగారు. టీచరమ్మ లోపలికి వెళ్ళి గోడ మీది బొమ్మ తెచ్చి గుంట చేతికిచ్చింది.

ఇంటికి వచ్చాక గుంట రబ్బరు తీసుకుని కూర్చుంది. పడవలో ఉన్న నన్ను చెరిపింది. పూర్తిగా పోలేదు, తాత పక్కన నారింజ మరక మిగిలింది. అది చూసి దానికి విసుగొచ్చి రబ్బరు విసిరేసింది, నేను ఏరి తెచ్చిచ్చాను. తరవాత కాగితం అడుగున ఇసుక గీసి, అక్కడొక నారింజ చుక్క పెట్టింది.

"ఇదేనేటి నాను? మొగమేదే?"

అది తల ఎత్తకుండానే అంది. "అంత దూరం నుంచి కనపడదు కదా, నానమ్మా."